పంచాయతీ కార్యాలయపు పాత కంప్యూటరు: పవర్ సప్లయి పరీక్ష, మరమ్మతు

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామ పంచాయతీ కార్యాలయమున ఉదయమే కంప్యూటరు మీట నొక్కిరనుకొందము. దీపము వెలుగలేదు, ఫ్యాను తిరుగలేదు. ఇంటిపన్ను రసీదుకై వచ్చిన రైతు బల్లపై వేచియున్నాడు. "ఇది పాతబడినది, క్రొత్తదానికి తీర్మానము చేయుదము" అని ఒక సభ్యులందురు. మరియొకరు దానిని బస్సులో వేసికొని విజయవాడ గవర్నర్‌పేటలోని దుకాణములకు బయలుదేరుదురు. రోగమెక్కడ నున్నదో తెలియకయే ఇరువురును మందునకు బయలుదేరినారు.

2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ ప్రారంభమైన పిమ్మట పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు కంప్యూటరు మీదనే నడచుచున్నవి. ఈ యంత్రము ఆగిన గ్రామపు పనియు ఆగును. అయితే యంత్రము పలుకకుండుటకు తరచుగా కారణమగునది దాని వెనుక భాగముననున్న పవర్ సప్లయి పెట్టె. దుకాణములవారు దీనినే ఎస్.ఎం.పి.ఎస్. అందురు. ఇది చెడినంత మాత్రమున హార్డ్ డిస్కులోని లెక్కలు సాధారణముగా పోవు. ఈ పెట్టెను ఎట్లు పరీక్షింపవలెనో, ఎచ్చట చేయి పెట్టరాదో సభ్యులకు తెలుపుటయే మా ఉద్దేశము.

ఈ పెట్టె చేయు పని

ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చు ప్రధాన కాలువ నీటిని నేరుగా మడిలోనికి వదలిన నారు కొట్టుకొనిపోవును. అందుకే తూములు, పిల్లకాలువలు ఏర్పరచినారు. పవర్ సప్లయి చేయునదియు అట్టి పనియే. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును ఇది మొదట సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. దానిని సెకనుకు వేలకొలది పర్యాయములు త్రెంచుచు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, తుదకు 12, 5, 3.3 వోల్టులుగా పంచిపెట్టును. 1995లో వెలువడిన ఏ.టి.ఎక్స్. పద్ధతి ననుసరించిన పెట్టెలలో ఈ ఏర్పాటునే చూడగలము.

పెట్టె విప్పకుండ చేయదగిన పరీక్షలు

1. గోడ సాకెట్టులో వేరొక దీపము పెట్టి చూడవలెను. తీగను మార్చి చూడవలెను. వెనుకనున్న స్విచ్చి వేసియున్నదో లేదో గమనింపవలెను.

2. కొన్ని పాత పెట్టెలకు 115, 230 అను అంకెలు గల చిన్న ఎర్ర మీట యుండును. అది 230 వద్దనే యుండవలెను. 115 వద్ద నుంచి మన విద్యుత్తు నిచ్చిన పెట్టె పేలిపోవును.

3. ప్లగ్గు తీసివేసి, పెట్టె నుండి కంప్యూటరు భాగములకు పోవు తీగల నన్నింటిని ఊడదీయవలెను. పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను ఏదైన నల్ల తీగతో పేపర్ క్లిప్పు ద్వారా కలిపి, ఆ పిమ్మటనే ప్లగ్గు పెట్టవలెను. కొన్ని పెట్టెలు భారము లేనిదే పనిచేయవు గనుక ఒక పాత హార్డ్ డిస్కు తగిలించుట మేలు. కొన్ని కంపెనీల పాత పెట్టెలలో తీగల వరుస వేరుగ నుండును. అట్టివానిని మెకానిక్కునకే విడువవలెను.

4. ఫ్యాను తిరిగినంతనే పెట్టె మంచిదని తీర్మానింపరాదు. మల్టీమీటరుతో కొలువవలెను. పసుపు తీగపై 11.4 నుండి 12.6 వరకు, ఎరుపుపై 4.75 నుండి 5.25 వరకు, నారింజపై సుమారు 3.14 నుండి 3.46 వరకు వోల్టులుండవలెను. ఊదా తీగపై, మీట వేయకున్నను, 5 వోల్టులుండవలెను. ఇవి సరిగా నున్నచో దోషము మదర్‌బోర్డు, మెమరీ, మీట మొదలగు వేరొక చోటనే యుండుట సంభవము.

పెట్టె లోపలి మరమ్మతు

ఇచ్చట మేము గట్టిగా హెచ్చరించుచున్నాము. ప్లగ్గు తీసిన తరువాతను ఈ పెట్టెలోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. అనుభవముగల మెకానిక్కు తప్ప ఇతరులు మూత విప్పరాదు. మెకానిక్కైనను కొన్ని నిమిషములాగి, తగిన రెసిస్టరుతో ఆ విద్యుత్తును ఖాళీచేసి, మీటరుతో చూచుకొనిన పిదపనే చేయి పెట్టవలెను. స్క్రూడ్రైవరుతో తాకించి నిప్పురవ్వలు లేపుట పనితనము కాదు.

లోపల సాధారణముగా కనబడు లోపములు నాలుగు. దుమ్ము పేరుకొని ఫ్యాను బిగిసిపోవుట మొదటిది. కెపాసిటరు తల ఉబ్బుట లేక కారుట రెండవది. 2000వ దశకపు తొలి యేండ్ల యంత్రములలో ఇది విరివిగా కనబడెను. రెండు మూడు పర్యాయములు నొక్కిన గాని మొదలు కాని యంత్రమున దీనిని అనుమానింపవలెను. క్రొత్త కెపాసిటరు అదే మైక్రోఫారడు విలువ గలదై, వోల్టులలో తక్కువ కానిదై, 105 డిగ్రీల వేడికి నిలుచునదై యుండవలెను. ధన ఋణ కొసలు తారుమారు కారాదు. టంకము వదులగుట మూడవది. ఫ్యూజు పోవుట నాలుగవది. ఫ్యూజు గాజు నల్లబడి పగిలినచో లోపల డయోడులో, ట్రాన్సిస్టరులో షార్టు గలదని అర్థము. ఫ్యూజుకు బదులు తీగ ముక్క వేసిన కార్యాలయమునకే నిప్పంటుకొనవచ్చును.

ఎర్తు సంగతి

కంప్యూటరు రేకు తాకిన చిన్నగా షాకు కొట్టుచున్నదని పలువురు చెప్పుదురు. పెట్టె చెడినదని దానిని మార్చుదురు. షాకు మాత్రము పోదు. ఈ పెట్టెల ప్రవేశమార్గమున నుండు చిన్న కెపాసిటర్లు, ఎర్తు లేనిచో, రేకుపైకి సరఫరాలో సగము వోల్టుల వరకు చేర్చును. ఎర్తు సరిగా నున్నచో అది భూమిలోనికి పోవును. కావున చాలమారు దోషము గోడలో నుండును. ఇక లోపల నిజముగా షార్టు ఏర్పడిన నాడు ఎర్తు లేనిచో ఆ రేకు ప్రాణాంతకము కాగలదు. తడి నేలపై వట్టి కాళ్లతో నిలుచుట మామూలైన డెల్టా గ్రామములలో ఈ విషయమున ఉపేక్ష తగదు. ఎలక్ట్రీషియనుచే మూడు పిన్నుల సాకెట్టును, ఎర్తు గుంటను పరీక్షింపజేయుట పంచాయతీ స్వయముగా చేయించవలసిన పని.

సభ్యులు చేయవలసినది

తీర్మానము వ్రాయుటకు పూర్వము పై పరీక్షల ఫలితమును, మీటరు చూపిన అంకెలతో సహా, పుస్తకమున వ్రాయింపుడు. మరమ్మతు చేయించినచో ఏ భాగము మార్చిరో మెకానిక్కు నడిగి, పాత భాగమును చూడుడు. వోల్టులు హద్దు మీరినచో ఆ పెట్టెను మరల మరల ప్రయత్నింపక తొలగింపుడు. లేనిచో మదర్‌బోర్డును, డిస్కును గూడ అది చెరుపగలదు.

యంత్రము ఇక పనికిరాదని తేలిన, ముందుగా హార్డ్ డిస్కును తీసి భద్రపరచుడు. అందు గ్రామస్థుల వివరములు గలవు. మిగిలినదానిని కాల్చరాదు, చెత్తలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన పునశ్శుద్ధి సంస్థకు అప్పగింపుడు.

ఒక మీటరు, ఒక పుస్తకము, మంచి ఎర్తు: ఈ మూడును గల కార్యాలయమున పంచాయతీ సొమ్ము తొందరపాటునకు బలికాదు, అచ్చట పనిచేయువారి ప్రాణమునకును రక్షణ యుండును.