గంగాళం పిల్లను పెట్టిన కథ

నవ్వని జాతి లోకంలో లేదు. అయితే ఒక జాతి ఎవరిని చూచి నవ్వుతుందో, ఎంతవరకు నవ్వి ఎక్కడ ఆగుతుందో గమనించినచో ఆ జాతి సంస్కారం కొంత బోధపడుతుంది. ఈ దృష్టితో టర్కీ దేశపు హాస్యాన్ని కొంచెం పరిశీలిద్దాము.

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ముల్లా నస్రుద్దీన్ చిరపరిచితుడు. టర్కీలో ఆయనను నస్రెద్దీన్ హోజా అంటారు. హోజా అనగా గురువు. మనం ఎరిగిన 'ఖ్వాజా' శబ్దమే తుర్కీ భాషలో ఈ రూపం దాల్చినది. నేటికీ అక్కడి విద్యార్థులు తమ అధ్యాపకుని 'హోజమ్' అని పిలుస్తారు. 13వ శతాబ్దివాడని సంప్రదాయం చెప్పే ఈ హోజా సమాధి ఆక్షెహిర్ పట్టణంలో ఉన్నది. ఆయన కథలు చెప్పుకొనే ఆచారాన్ని 2022లో యునెస్కో సంస్థ టర్కీ, అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్ మొదలైన ఏడు దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించినది.

వాటిలో ఒక కథ మన ప్రస్తావనకు ముఖ్యం. హోజా పొరుగువాని వద్ద గంగాళం ఎరువు తెచ్చుకొన్నాడు. తిరిగి ఇచ్చునప్పుడు అందులో ఒక చిన్న గిన్నె పెట్టి, "అయ్యా, మీ గంగాళం పిల్లను పెట్టినది" అన్నాడు. పొరుగువాడు మారుమాటాడక రెండింటిని లోపలికి తీసుకొన్నాడు. కొన్నాళ్లకు హోజా మరల గంగాళం అడిగితే ఎంతో సంతోషంగా ఇచ్చినాడు. ఈసారి అది తిరిగి రాలేదు. అడుగబోతే, "ఏమి చెప్పుదును, పాపం మీ గంగాళం చనిపోయినది" అన్నాడు హోజా. "గంగాళం ఎక్కడైనా చచ్చునా?" అని పొరుగువాడు మండిపడినాడు. "పిల్లను పెట్టినదంటే నమ్మినవారు, చనిపోయినదంటే నమ్మరా?" అని హోజా ప్రశ్న.

ఈ పరిహాసంలో ఒక న్యాయం ఉన్నది. పొరుగువాడు ఎంత ఆశపడినాడో అంతే నష్టపోయినాడు. దారిన పోయేవారికి దెబ్బ తగలలేదు.

ఇక ఈ కాలానికి వద్దాము. 1999లో టర్కీ అంతర్జాలంలో 'ఎక్షి సోజ్లుక్' అనే వేదిక వెలసినది. 'సోజ్లుక్' అనగా నిఘంటువు, 'ఎక్షి' అనగా పులుపు. పేరుకు నిఘంటువే గాని, అందులో ఏ మాట క్రిందనైనా సభ్యులు తమకు తోచిన అర్థం, అభిప్రాయం, చమత్కారం వ్రాయవచ్చును. ఆ పద్ధతిని అనుసరించి 2009లో 'ఇంజి సోజ్లుక్' పుట్టినది. ఇంజి అనగా ముత్యం. పేరు ముత్యమైనా, అక్కడ చేరిన యువకులకు అర్థాల వివరణ కంటె అల్లరి మీదనే మక్కువ ఎక్కువ. మూకుమ్మడిగా ఒక చోటికి వెళ్లి అక్కడి వ్యవహారాన్ని తారుమారు చేయుట వారికి వినోదం.

వారి పేరు విదేశాలలో సైతం వినబడినది 2010 జూలైలో. ఫేస్‌బుక్ సంస్థ తన పుటలలోని వాక్యాలను వివిధ భాషలలోకి మార్చుటకు వాడుకరులనే ఆశ్రయించినది. ఎవరైనా అనువాదం సూచించవచ్చును. ఎక్కువ ఓట్లు వచ్చినది నిలుస్తుంది. ఈ ఏర్పాటులోని లోపాన్ని ఇంజి సభ్యులు కనిపెట్టినారు. బూతు అనువాదాలు సూచించి, అందరూ కలిసి వాటికే ఓట్లు వేసినారు. ఫలితంగా తుర్కీ భాషలో ఆ పుటలు తెరచినవారికి మామూలు సూచనల స్థానంలో అశ్లీల వాక్యాలు కనిపించినవి. సంస్థ వాటిని తొలగించవలసి వచ్చినది.

ఈ సంగతి తెలిసినప్పుడు మొదట మాకు కూడ నవ్వు వచ్చినదని ఒప్పుకొనవలెను. గంగాళం కథయే గుర్తు వచ్చినది. కూలి ఇవ్వకుండ వేలమంది చేత అనువాదం చేయించుకొని, అధిక సంఖ్యాకుల మాటయే సరియైన మాట అని నమ్మిన సంస్థ, ఆ సంఖ్య తనపై తిరుగబడినప్పుడు ఏమనగలదు? పిల్లను పెట్టినదని నమ్మినవారు చావును కూడ నమ్మవలెను గదా!

కాని భాష బోధించేవారముగా మరల ఆలోచింపగా నవ్వు ఆగినది. ఇక్కడ దెబ్బ తగిలినది సంస్థ ఒక్కదానికే కాదు. దూరాన ఉన్న కొడుకుకు కబురు పంపుదామని ఆ పుట తెరచిన తల్లి ఏ ఆశకు పోయినది? ఆమె ముందు బూతు మాట నిలిపిన చేతులు హోజా చేతులు కావు. నిఘంటువు అన్న పేరు పెట్టుకొన్నవారే మాటకు, అర్థానికి నడుమ గల నమ్మకాన్ని తెంచినారు. ఆ నమ్మకమే లేకున్న మా వృత్తియు లేదు, మీ చదువును లేదు.

దీనికి సమాధానం తుర్కీ భాషలోనే ఉన్నది. ఉర్దూలో మనం 'లతీఫా' అనే మాటను వారు 'లతీఫె' అంటారు. 1928లో వారు అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపిని చేపట్టినను ఈ మాటను విడువలేదు. దీనికి మూలమైన 'లతీఫ్' శబ్దానికి మృదువైనది, సున్నితమైనది అని అర్థం. 'లుత్ఫ్' కూడ ఆ ధాతువు నుండి వచ్చినదే. 'లతీఫె లతీఫ్ గెరెక్' అని వారి సామెత. పరిహాసం మృదువుగా ఉండవలెనని దాని భావం. హాస్యానికి కొలబద్ద హాస్యం అనే మాటలోనే ఉన్నదన్నమాట!

2023 ఫిబ్రవరి 6న టర్కీలో ఘోర భూకంపం సంభవించి ఏబది వేలకు పైగా ప్రాణాలు పోయినవి. శిథిలాల క్రింద చిక్కినవారు, వారి బంధువులు తాము ఉన్న చోటు తెలుపుతూ అంతర్జాలం ద్వారా సహాయం అర్థించినారు. అట్టి వేళ ఒక్క అబద్ధపు చిరునామా ఎంతటి పాపం! దాని వెంట వెళ్లిన రక్షకులు మరొక చోట బ్రతుకవలసిన ప్రాణాన్ని అందుకొనలేరు. సాధారణ దినాలలో మాటపై నమ్మకం నిలుపుకొన్న సమాజమే ఆపత్కాలంలో ఆ మాట విని పరుగెత్తగలదు.

విద్యార్థులారా! నేడు మీ చేతిలోని ఫోనులో ఎక్షి, ఇంజి వంటి వేదికలు ఎన్నో ఉన్నవి. నవ్వవద్దని మేము అనము. ముఖం చిట్లించుకొన్న చదువు చదువే కాదు. అయితే ఒక పరిహాసాన్ని పదిమందికి పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకొనండి. దీనివలన నష్టపోయేవాడు తన దురాశవలన నష్టపోవుచున్నాడా, లేక మనలను నమ్మినందువలననా? వాని ఎదుట నిలిచి మన పేరు చెప్పుకొని ఈ మాట అనగలమా? హోజా తన పొరుగువాని ఎదుట నిలిచే మాటాడినాడు. గంగాళం చనిపోయినదని చెప్పుటకు ఆయన చాటుకు పోలేదు.