గడ్డికీ ఒక బెంచ్‌మార్కు

లండన్ నుంచి వేల్స్ వైపు రైల్లో వెళ్తుంటే కిటికీ అవతల గంటల తరబడి పచ్చటి గడ్డే. తనంతట తానే మొలిచిందనుకుంటాం గానీ, అందులో చాలా భాగం ఎవరో రైతు ఎంచి, కొని, చల్లిన విత్తనం. ఒకసారి చల్లితే ఐదేళ్ళో పదేళ్ళో ఆ గడ్డితోనే కాపురం. మన రిలీజుల్లాగా రాత్రికి రాత్రి వెనక్కి తీసుకోవడం కుదరదు. మరి ఆ రకాన్ని ఎలా ఎంచుకుంటారు?

ముందు ఒక పాత బగ్ గురించి చెప్పాలి. 1919లో అబరిస్ట్‌విత్‌లో వెల్ష్ ప్లాంట్ బ్రీడింగ్ స్టేషన్ మొదలైంది. జార్జ్ స్టేపుల్డన్ దానికి తొలి డైరెక్టరు. అప్పట్లో బజారులో దొరికే రై గడ్డి తొందరగా వెన్ను తీసేది. కాడ ఎక్కువ, ఆకు తక్కువ. కొద్ది ఏళ్ళకే పొలం పలచబడేది. కారణం విత్తనం తయారయ్యే పద్ధతిలోనే ఉంది. ఏటేటా గింజ కోసి అదే మళ్ళీ చల్లుతూ పోతే, ఎంపికయ్యేది గింజ బాగా పట్టే మొక్క. ఆవుకు కావలసింది ఆకు! ఇందులో ఎవరి మోసమూ లేదు, కొలిచినదే తప్పు. అబరిస్ట్‌విత్ వాళ్ళు తరాల తరబడి పశువులు మేసిన పాత బయళ్ళలో బతికి మిగిలిన మొక్కలను తెచ్చి, ఎస్.23 వంటి రకాలను తీశారు. టెస్టు కేసులు ప్రొడక్షన్ నుంచే తెచ్చుకున్నారన్నమాట.

ఇప్పుడు బ్రిటన్‌లో కొత్త రకం అమ్మాలంటే ముందు అధికారిక రకాల జాబితాలోకి ఎక్కాలి. ఆ రకం వేరుగా, ఒకే తీరుగా, స్థిరంగా ఉందా, సాగుకు విలువైనదా అని చూస్తారు. ఇంగ్లండ్, వేల్స్ రైతులు ఆ పైన చూసుకునేది రికమెండెడ్ గ్రాస్ అండ్ క్లోవర్ లిస్టు. వేర్వేరు చోట్ల, కొన్నేళ్ళపాటు మళ్ళలో పెంచి, దిగుబడిని ఎండు పదార్థం లెక్కన కొలుస్తారు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పై వరసలో ఉన్న అంకె చూసి కొనేస్తారు. మేపుకు ఒక కాలమ్, సైలేజీకి ఇంకొకటి ఉంటాయి. మీ వాడకం ఏదో ఆ కాలమే చదవాలి. తర్వాత నేలను ఎంత దట్టంగా కప్పుతుందో చూడాలి. ఖాళీ కనిపిస్తే కలుపు ఊరుకోదు కదా. ఆపైన డి-వాల్యూ, అంటే అరిగే శాతం. ఇది ఒక యూనిట్ పెరిగితే ఆవుకు రోజుకు సుమారు పావు లీటరు పాలు ఎక్కువని ఇక్కడి సలహాదారుల లెక్క. గడ్డి వెన్ను తీశాక ఈ అంకె రోజురోజుకీ పడిపోతుంది. అందుకే మేపుకు ఆలస్యంగా, జూన్ మొదట్లో వెన్ను తీసే రకాలు నయం. నాలుగు రకాలు కలిపి చల్లేటప్పుడు వాటి తేదీలు దగ్గరగా ఉండాలి. లేకపోతే ఒకటి ముదిరిపోయాక గానీ ఇంకొకటి ఎదగదు.

28 క్రోమోజోములున్న టెట్రాప్లాయిడ్ రకాలను పశువు ఇష్టంగా తింటుంది గానీ అవి కాస్త పలచగా నిలుస్తాయి. 14 ఉన్న డిప్లాయిడ్లు దట్టం. బురద నేలలో గిట్టలు తట్టుకోవాలంటే ఈ రెండో రకం పాలు ఎక్కువగా ఉండాలి. క్లోవర్ సంగతికొస్తే గొర్రెలకు చిన్నాకు, ఆవులకు మధ్యరకం ఆకు. అంతే.

జాబితాకూ హద్దులున్నాయి. ప్రయోగ మళ్ళలో 'మేపు' అంటే యంత్రంతో తరచుగా కోయడమే. తొక్కుడు, పేడ, మూత్రం అక్కడ లేవు. 2022 జులై 19న కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఆ వేసవి కరువులో వేళ్ళు లోతుకు పోని రై గడ్డి చాలాచోట్ల మాడింది. కాక్స్‌ఫుట్ లాంటి లోతు వేళ్ళ గడ్డి కొంచెం కలుపుకున్నవాడికి ఆ నెలల్లో ఎంతో కొంత మేత మిగులుతుంది. మామూలు ఏడాది దిగుబడి అంకెలు ఈ మాట చెప్పవు.

మనలో ఊళ్ళో డెయిరీ పెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక్క మాట. సూపర్ నేపియర్ ఎకరానికి ఇన్ని టన్నులని ఎవరైనా చెబితే, అది పచ్చి బరువా ఎండు బరువా అని అడగండి. పచ్చి నేపియర్‌లో సుమారు ఐదింట నాలుగు వంతులు నీరే. ఏడాదికి ఎన్ని తడులకు, ఎన్ని కోతలకు అన్నది కూడా అడగండి. బోరు ఎండిపోయే ఏప్రిల్, మే నెలల్లో ఎంత వచ్చిందో విడిగా చెప్పమనండి.