వానలో గూడబాతులు

కార్తీక మాసం. తెల్లవారక ముందే వాన పట్టుకుంది. సముద్రం వైపు నుంచి ఈదురుగాలి. నాట్ల పని ఆగిపోయింది. ఆ రోజు కూలి పోయినట్టే.

పని లేకపోయినా గొడ్డుకు గడ్డి కావాలి గదా! అత్తా కోడలూ గోనెపట్టాలు నెత్తిన వేసుకుని చెరువు కట్ట మీదకు వచ్చారు. కోడలు మెట్ట ప్రాంతం పిల్ల. ఈ ఊరికి కొత్త.

ఆ చెరువు నేలపట్టు చెరువు. దొరవారిసత్రం మండలంలో ఉంది. 2022 దాకా అది నెల్లూరు జిల్లా. ఇప్పుడు తిరుపతి జిల్లా. 1976లో ప్రభుత్వం ఈ చెరువును పక్షుల రక్షిత కేంద్రం చేసింది.

చెరువు నీళ్లలోనే చెట్లు నిలబడి ఉన్నాయి. అవి కడప చెట్లు. మొదళ్లు మునిగినా చావవు. కొమ్మల నిండా తెల్లని పెద్ద పక్షులు. వానలో ముడుచుకుని కూచున్నాయి.

"అత్తా, అవేంది? అంత పొడుగు ముక్కు!" అంది కోడలు.

"గూడబాతులమ్మాయ్. ముక్కు కింద సంచి చూడు. అదే దానికి వల. చేపలు పట్టేది దాంతోనే."

"ఇవి పరదేశం పక్షులంట గదా?"

అందరూ అలాగే అనుకుంటారు. అది పొరపాటు. గూడబాతులు మన దేశం పక్షులే. వాన పడి చెరువు నిండితే గూడు కట్టుకోవడానికి ఇక్కడికి చేరతాయి. దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు సైబీరియా చలికి తట్టుకోలేక పులికాట్ సరస్సుకు వస్తాయి.

"ఇంత వానలో ఎగిరిపోవేం?"

"కింద గుడ్లుండాయి. లేస్తే చల్లబడిపోవూ! కాకులు కూడా కాచుకుని ఉంటాయి."

గూడబాతు రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదగాలి. ఆడదీ మగదీ వంతులేసుకుని కూచుంటాయి. ఈ మాట విని కోడలు నవ్వింది. "మగది కూడానా!" అంది.

ఒకటి గూట్లో ఉంటే ఇంకొకటి మేతకు పోతుంది. సుమారు 20 కిలోమీటర్ల దూరంలో పులికాట్ ఉంది. అక్కడిదాకా పోయి చేపలు తెస్తుంది. పిల్ల దాని సంచిలోకి తల దూర్చి తింటుంది.

"సంక్రాంతి నాటికి చూద్దువుగాని. పిల్లల గోల చెవులు చిల్లులు పడతాయి" అంది అత్త.

చెట్ల చుట్టూ నీళ్లుంటేనే పక్షులకు ధైర్యం. కుక్కలూ నక్కలూ గూళ్ల దగ్గరకు రాలేవు. వానలు తప్పి చెరువు ఎండితే కొన్ని పక్షులు గూళ్లు వదిలేసి పోతాయి. అలాంటి ఏళ్లు అత్త చూసింది. ఆ ఏళ్లలో పైరూ లేదు, కూలీ లేదు.

చెరువు నిండితే రైతుకూ లాభమే. పక్షుల రెట్ట నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు పొలాలకు పారతాయి. రెట్ట మంచి ఎరువు. నత్తగుల్ల కొంగలైతే పొలాల్లో నత్తలను ఏరుకు తింటాయి.

కోడలు లెక్క పెట్టబోయింది. ఒక చెట్టు మీద పద్నాలుగు దాకా వచ్చేసరికి వాన అడ్డం కొట్టింది. లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"రేపు కూడా వానేనా అత్తా?"

"పడనీ. ఇంకో జాన నిండాల. నాట్లు ఎల్లుండి వేసుకోవచ్చు. పద, గొడ్డు అరుస్తా ఉంటది."

గడ్డిమోపు తడిసి బరువెక్కింది. ఇద్దరూ చెరో పక్క పట్టి లేపారు.