ఉప్పునీటి అక్వేరియానికి మూత: మన ఎండకు ఏది సరి?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో అక్వేరియంలు అమర్చి, సర్వీసు చేస్తూ బతుకుతున్నవారికి ఉప్పునీటి తొట్టి ఆర్డరు వచ్చిందంటే మంచి అవకాశమే. చేపల గురించి, లైట్ల గురించి, ఫిల్టరు గురించి కస్టమరు ఎన్నో అడుగుతాడు. మూత గురించి మాత్రం అడగడు. ఆ మాట మీరే ఎత్తాలి. సముద్రానికి ఇంత దూరాన, ఇంత పొడిగాలిలో తొట్టి నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు మూత తేలుస్తుంది.

ముందు ఉప్పు లెక్క చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే 100 లీటర్ల తొట్టిలో మూడున్నర కిలోలు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. 10 లీటర్లు తగ్గాయంటే ఆ మూడున్నర కిలోలూ 90 లీటర్లలోనే ఉండిపోయి, లీటరుకు 39 గ్రాముల దగ్గరికి చేరుతుంది. ఈ హెచ్చుతగ్గులు చేపల ఒంటికి పడవు.

అలాగని ఆవిరి పోకుండా ఆపడానికి గాలి చొరకుండా అద్దం బిగిస్తే ఇంకో చిక్కు. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీరు కావాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 100 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు పైగా చల్లార్చేంత వేడిని వెంట తీసుకుపోతుంది. పొడిగాలి మనకిచ్చే మేలు ఇదే. విశాఖ, చెన్నై లాంటి తడిగాలి ఊళ్లలో ఇంత మేలు దొరకదు కాబట్టి, అక్కడివాళ్ల సలహాను ఇక్కడ యథాతథంగా పాటించవద్దు.

అందుకే నేను చెప్పేది: ఎండాకాలం ముప్పావు వంతు వల, పావు వంతు అద్దం. ఎయిర్ పంపు బుడగలు చిట్లేచోట, లైటు కింద అద్దం ఉండాలి. మిగతా అంతా వల. దాని మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే నీరు చల్లబడుతుంది. చలికాలం ఈ లెక్క తిరగబడుతుంది. పత్తి మార్కెట్ జోరుగా సాగే ఆ నెలల్లో జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది నుసి గాల్లో తేలుతుంది. అప్పుడు వేడి బాధ ఉండదు కాబట్టి అద్దం భాగం పెంచుకోవచ్చు. పక్కకు జరిపే రెండు పలకలుగా మూత చేయిస్తే రెండు కాలాలకూ పనికొస్తుంది. అద్దం వైపు కూడా గాలి ఆడేంత సందు వదలాలి.

సామగ్రి ఎంపికలో తొందర పడవద్దు. అద్దం 5 ఎం.ఎం.ది తీసుకుని అంచులు పాలిష్ చేయించండి. పల్చటి యాక్రిలిక్ షీటు తడికి వంగిపోతుంది. వల నైలాన్‌దై ఉండాలి, కంత 6 ఎం.ఎం. మించకూడదు. సన్నటి గోబీ చేపలు ఉంటే ఇంకా చిన్న కంత తీసుకోండి. జీఐ మెష్, రాగి తీగ దగ్గరికి రానివ్వకండి. ఉప్పుకు అవి తుప్పు పట్టి, ఆ లోహం నీటిలో కలిస్తే రొయ్యలు ముందు చనిపోతాయి. నూలు గుడ్డ కప్పవద్దు. అది తడి పీల్చుకుంటే ఉప్పు బయటికి పాకి చెక్క స్టాండును తినేస్తుంది. వల నీడకు వెలుగు తగ్గుతుందని కస్టమరు అంటే, చేపలకు అంత వెలుగు అక్కర్లేదని చెప్పండి. ఎక్కువ వెలుగు కోరేవి పగడాలు. రాతి పగడాలేమో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఆ పని ఒప్పుకోకండి.

మూత బిగించాక పైపులు, వైర్లు దూరే మూలలు వేలితో తడిమి చూడండి. ఫైర్‌ఫిష్, రాస్, గోబీ లాంటివి బెదిరితే ఎగురుతాయి, ముఖ్యంగా లైటు ఆర్పగానే. వేలు దూరే సందు ఉంటే చేప నేల మీద పడినట్టే. వైరును ప్లగ్గు కన్నా కిందికి వంచి, ఆపైన ప్లగ్గుకు ఎక్కించండి. అప్పుడు జారే ఉప్పునీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. దోమల మందు కొట్టేటప్పుడు మూత పూర్తిగా కప్పి, గదిలో గాలిని లోపలికి లాగే ఎయిర్ పంపును కాసేపు ఆపమని ఇంటివాళ్లకు చెప్పండి.

చివరిగా మనిషి సంగతి. వల మూత పెడితే రోజూ నీళ్లు పోసేవాళ్లు కావాలి. తొట్టి అద్దం మీద మార్కరుతో గీత గీసి, నీరు గీత దిగితే ఆర్.ఓ. నీళ్లే పోయాలని చూపించండి. ఉప్పు కలపకూడదు, బోరు నీళ్లు పోయకూడదు. క్లినిక్కో లాడ్జో అయి, రోజూ చూసే దిక్కు లేకపోతే అద్దం భాగం పెంచి, వేసవికి ఏసీ గదో, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఉంటేనే పని ఒప్పుకోండి.

కొటేషన్‌లో మూతకు ఒక వరుస, వారానికోసారి వల మంచినీళ్లతో కడిగి ఉప్పు కొలిచే సర్వీసుకు మరో వరుస విడిగా రాయండి. అది మీ కష్టానికి తగ్గ డబ్బు. ఆ పని సరిగ్గా జరిగినంత కాలం కస్టమరు మిమ్మల్ని వదులుకోడు.