దాక్కుందా? అంతరించిందా?

పిల్లలూ! చేలగట్ల మీద నడుస్తుంటే కాళ్ల దగ్గర్నుంచి బుర్రుమని లేచి, కొంచెం దూరంలో మళ్లీ గడ్డిలో దూరిపోయే పూరేడు పిట్టను మీలో కొందరు చూసే వుంటారు. దాని బంధువు ఒకటి హిమాలయాల్లో వుండేది. “వుండేది” అనాలా, “వుంది” అనాలా? అదే ఈనాటి మన ప్రశ్న!

దాని పేరు హిమాలయ పూరేడు. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటె కాస్త ఎక్కువ. మగపిట్ట ముదురు బూడిద రంగు. ముక్కు, కాళ్లు ఎరుపు. నుదుటి మీద తెల్లని మచ్చ. ఆడపిట్ట నల్లమచ్చల గోధుమ రంగు. 1846లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ తర్వాత ముస్సోరీ, నైనిటాల్ పరిసరాల్లో మాత్రమే ఇది దొరికింది. 1876లో నైనిటాల్ దగ్గర ఒక పిట్టను కాల్చారు. ఆ తర్వాత నమ్మదగిన ఆధారం ఒక్కటీ లేదు. నేడు మ్యూజియంలలో మిగిలినవి సుమారు ఒక డజను నమూనాలే.

మరి అంతరించిందని ఎందుకు ప్రకటించలేదు? ఆలోచించండి. రెండువేల మీటర్ల ఎత్తున, నిటారు కొండవాలు మీద, పొడవాటి గడ్డిలో, పొదల్లో దీని కాపురం. మనిషి అలికిడి వింటే ఎగరదు, గడ్డిలోనే నక్కుతుంది. దాదాపు కాలు మీద పడేదాకా లేవదు. అలాంటి పిట్ట “కనబడలేదు” అన్నంత మాత్రాన “లేదు” అనవచ్చునా? వుండదగిన చోటల్లా, తగిన కాలంలో, తగిన పద్ధతిలో వెతికాకే శాస్త్రజ్ఞులు ఆ మాట అంటారు. అందుకే అది నేటికీ అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా వున్న జీవుల జాబితాలోనే వుంది.

ఇందుకు మన కడప జిల్లాయే ఒక పాఠం. పొదల మధ్య నేల మీద తిరిగే కలివికోడి 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్నారు. 1986లో అది మళ్లీ దొరికింది! అది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు వెతికితే ఎలా కనిపిస్తుంది? దాని జాడ తెలిపింది అక్కడి పల్లె మనుషులే.

అయితే తొందరపడకండి. కలివికోడి దొరికింది గనుక పూరేడూ దొరుకుతుందనడం శాస్త్రం కాదు. దాదాపు 150 ఏళ్ల నిశ్శబ్దం చిన్నది కాదు. వేట, గడ్డివాలులు మారిపోవడం దాన్ని నిజంగానే మింగేసి వుండవచ్చు. ఆశా, భయమూ రెండూ సాక్ష్యం కావు, వెతకడమే మార్గం.

మీరూ ఒక పని చేయండి. మీ ఊరి పెద్దలను, గొర్రెలు కాసేవారిని అడిగి, వారెరిగిన నేలపిట్టల పేర్లు, అవి కనిపించే చోటు, వేళ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏ పిట్ట జాడ అందులో వుందో, ఎవరికి తెలుసు!