మంచం మీద చార్జింగ్ వద్దు

కొత్తగూడెం

చిరంజీవి లావణ్యకు,

హాస్టల్లో గది దొరికిందని, నలుగురికీ కలిపి రెండే ప్లగ్గులున్నాయని మీ అమ్మ చెప్పింది. రాత్రి ల్యాప్‌టాప్, ఫోను రెండూ మంచం మీదే చార్జింగ్‌కి పెట్టి, ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. రిపేరు షాపులో పని పక్కనపెట్టి ఇది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు తల్లీ.

పరుపు మీద, దిండు కింద చార్జింగ్ పెట్టొద్దు. నేను చెప్పేవాటిలో ఇంకేది మరిచిపోయినా ఇది మాత్రం మరవకు. చార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు గాలి లాక్కునే సందులు అడుగున ఉంటాయి, పరుపు వాటిని మూసేస్తుంది. టేబుల్ మీద పెట్టు, అది ఖాళీ లేకపోతే గచ్చు మీద పెట్టు.

నువ్వు ఈసీఈ చదువుతున్నావు కాబట్టి బ్యాటరీ లోపల ఏముందో కూడా చెబుతాను. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత, అల్యూమినియం రేకు మీద కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి పూత, రెండూ తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర. వీటన్నిటినీ తడిపి ఉంచే ద్రవానికి మండే గుణం ఉంది. చార్జ్ చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్తాయి, వాడుకుంటే తిరిగొస్తాయి. 1991లో సోనీ ఈ బ్యాటరీని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీనికి దారి వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. వాళ్లలో ఒకరైన గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లు. వీలైతే ఆయన గురించి చదువు.

సెల్ నిండినప్పుడు దాని వోల్టేజి 4.2 దాకా పోతుంది, కొన్ని ఫోన్లలో ఇంకాస్త ఎక్కువ. ఆ స్థితిలో ఉన్నంతసేపూ లోపలి ద్రవం మెల్లగా పాడవుతూనే ఉంటుంది. దానికి వేడి తోడైతే ఆ పాడవడం ఎన్నో రెట్లు వేగం పుంజుకుంటుంది. అంటే నువ్వు వాడకపోయినా బ్యాటరీ ముసలిదవుతుంది. నిండుగా, వేడిగా ఉంచితే మరీ తొందరగా అవుతుంది. మన కొత్తగూడెం ఎండలు నీకు తెలియనివి కావు. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద ఫోను వదిలేసేవాళ్లే వేసవిలో మా కౌంటర్ దగ్గరికి ఎక్కువగా వస్తారు. 35 డిగ్రీలు దాటిన చోట ఫోను వాడొద్దని ఐఫోన్ కంపెనీ వాళ్లే చెబుతారు. మనకు మే నెలలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. అందుకే ఫోను చేతికి కాలుతుంటే ముందు చార్జర్ తీసెయ్, కవర్ తీసి ఫ్యాను కింద పెట్టు. ఫ్రిజ్‌లో పెట్టకు, లోపల చెమ్మ పడుతుంది.

నీ ల్యాప్‌టాప్ రోజంతా చార్జర్‌కే తగిలించి ఉంటుంది కదా. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే వీలుందేమో చూడు, ఇప్పుడు చాలా మోడళ్లలో ఉంది, ఫోన్లలోనూ వస్తోంది. అది ఆన్ చేసుకో. పరీక్ష రోజో, ప్రయాణం ఉన్న రోజో 100 దాకా ఎక్కించుకో, తప్పేం లేదు. శాతాలు చూసుకుంటూ బెంగపెట్టుకోవాల్సిన అవసరం లేదమ్మా.

పూర్తిగా దిగిపోయాకే చార్జింగ్ పెట్టాలని మీ తాతయ్య అంటారు. ఆయన కాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీల అలవాటు అది. ఇప్పటి లిథియం బ్యాటరీకి వర్తించదు. ఇవాళ సగం, రేపు సగం ఎక్కించినా లెక్కకు ఒక్క సైకిలే. దీన్ని అడుగంటా దించడమే కీడు. సెలవులకు వచ్చేటప్పుడు పాత ఫోనో, ట్యాబో నెలల తరబడి బీరువాలో ఉంచాల్సి వస్తే సగం చార్జ్‌తో ఆపేసి పెట్టు. సున్నా మీద వదిలేస్తే అది ఇంకా దిగిపోతూ, చివరికి లోపలి రాగి కరగడం మొదలవుతుంది. అలాంటిదాన్ని మళ్లీ చార్జ్ చేస్తే లోపలే షార్ట్ కావచ్చు. మిన్నెసోటాలో ఉన్న మీ అన్నకు వేరే జాగ్రత్త చెప్పాను, సున్నా డిగ్రీల కింద చలిలో చార్జ్ చేయొద్దని.

ప్రాజెక్టుకి 18650 సెల్స్ కొంటానన్నావు. 9900 ఎంఏహెచ్ అని అచ్చేసినవి చౌకగా దొరుకుతాయి, నమ్మకు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్ అయినా మూడున్నర వేల ఎంఏహెచ్ దరిదాపుల్లోనే ఉంటుంది. అంత అబద్ధం అచ్చేసినవాడు లోపల ఏం పెట్టి ఉంటాడో ఆలోచించు. వాటిని చార్జ్ చేయడానికి టీపీ4056 బోర్డు తీసుకుంటే ప్రొటెక్షన్ ఉన్నదే తీసుకో, ఓ పది రూపాయలు ఎక్కువైనా సరే. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయకు, ఆ వేడి లోపలి పొరకు తగులుతుంది. హోల్డర్ వాడు.

మొన్న ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చి టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదు, మార్చమన్నాడు. బల్ల మీద పెడితే ఓ మూల లేచి ఆడుతోంది. అడుగు మూత స్క్రూలు వదులు చేస్తుంటే మూత దానంతటదే పైకి లేచింది. బ్యాటరీ పూరీలా పొంగి టచ్‌ప్యాడ్‌ను కిందినుంచి తోస్తోంది. నెలరోజులుగా అలాగే వాడుతున్నాడట, ఒళ్లో పెట్టుకుని! నాకు ఒళ్లు జలదరించింది. లోపలి ద్రవం చెడి గ్యాస్ పుడితేనే అలా ఉబ్బుతుంది.

నీ ఫోను వెనక మూత అంచున సందు కనిపించినా, స్క్రీన్ లేచినా, తియ్యటి మందు వాసన లాంటిది వచ్చినా వెంటనే ఆఫ్ చెయ్. మళ్లీ చార్జింగ్ పెట్టకు. నొక్కకు, సూదితో గ్యాస్ తీద్దామనుకోకు, ఎవరైనా యూట్యూబ్‌లో చూపించినా సరే. పొగ వస్తే ఫోను, ల్యాప్‌టాప్ ఏదీ నీకు ముఖ్యం కాదు. వాటిని చేత్తో ముట్టుకోకుండా గోడ దగ్గర స్విచ్ ఆపగలిగితే ఆపి, గదిలో వాళ్లందర్నీ లేపి బయటికి నడువు, తలుపు దగ్గరికి వేసి వార్డెన్‌ను పిలువు.

ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకు, చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది. అక్కడ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంటే వాళ్లకే ఇచ్చెయ్. బస్సులో నా దగ్గరికి తేవద్దు. కొత్త బ్యాటరీ వేయించేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అన్న నంబరు ఉన్నాయో లేదో చూసి, ఫోటో తీసి నాకు పంపు. నేను సరేనన్నాకే డబ్బులివ్వు.

గదిలో మిగతా ముగ్గురు పిల్లలకూ ఇది చదివి వినిపించు. పొడవాటి వైరున్న మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి మీ నాన్నతో పంపిస్తున్నాను, టేబుల్ దాకా వస్తుంది.

ఇట్లు,
మీ బాబాయి