లేజర్‌ని తిప్పి చూడు, అల్లుడూ



కొత్త లేజర్ కొన్నావనీ, మియాపూర్‌లో పెద్ద ఫ్లాటుకి ఫాల్స్ సీలింగూ టైల్సూ రెండూ ఒప్పుకున్నావనీ అక్కయ్య ఫోన్లో చెప్పింది. సంతోషం. ఆకుపచ్చ గీతది కొని మంచి పని చేశావు, పగటి వెలుగులో ఎరుపు కంటే అదే కంటికి బాగా ఆనుతుంది. పదహారు గీతలట కదా! ఆ లెక్క అమ్మేవాడి సంబరం. మనకి కావలసింది మట్టంగా ఉండే గీత, అది ఒక్కటైనా చాలు.

‘దానంతటదే లెవెల్ చేసుకుంటుంది మావయ్యా’ అంటావు. చేసుకుంటుంది, కాదనను. లోపల చిన్న లోలకం వేలాడుతూ ఉంటుంది. మన తూకం గుండుకి తమ్ముడనుకో. అది ఊగిసలాడకుండా పక్కనున్న అయస్కాంతాలు తొందరగా నిలబెడతాయి. కాంతి పుట్టించే భాగాలు ఆ లోలకానికే బిగించి ఉంటాయి. స్టాండు మూడు నాలుగు డిగ్రీలు దాటి ఒరిగితే లోలకం సర్దుకోలేదు, అప్పుడు గీత మిణుకుతుంది. అంతవరకే దాని బాధ్యత. కాంతి భాగం లోలకం మీద వెంట్రుకవాసి పక్కకి జరిగిందనుకో, లోలకం నిలువుగానే వేలాడుతుంది, గీత మిణకదు, నిండుగా వెలుగుతూనే ఉంటుంది. కానీ ఏటవాలుగా పోతుంది. ఆ తప్పుని యంత్రం తనకు తానుగా ఎప్పటికీ చెప్పదు, మనమే చెప్పించాలి.

చెప్పించే విద్య నీకు రానిదేం కాదు. రసమట్టం మీద అనుమానం వస్తే ఏం చేస్తావు? గట్టు మీద పెట్టి బుడగ చూసి, కుడి కొన ఎడమకి వచ్చేలా తిప్పి మళ్లీ అక్కడే పెడతావు. సర్వేవాళ్లు డంపీ లెవెల్‌కి రెండు మేకులు పాతి చేసే పరీక్షా ఇలాంటిదే. వంకర ఉన్న పనిముట్టుని తిప్పితే వంకరా తిరుగుతుంది, తేడా రెండింతలై కనిపిస్తుంది.

ముందు ఒక చిన్న పని చెయ్యి. లేజర్ వెలిగించి ఎదుటి గోడ మీద గుర్తు పెట్టు. దాన్ని చేత్తో కాస్త ఒరిగించి, తిరిగి అదే చోట నిలబెట్టు. గీత అదే గుర్తు మీదికి రావాలి. నాలుగైదుసార్లు చూడు. ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంటే లోలకం ఎక్కడో పట్టేస్తోందన్నమాట. అలాంటిదానికి మిగతా పరీక్షలు దండగ, దుకాణానికి తిరిగి ఇచ్చెయ్యి.

అది నెగ్గితే అసలు పరీక్ష. ఎదురెదురుగా, 5 మీటర్ల ఎడంలో రెండు గోడలున్న గది చూసుకో. ఎడమ గోడకి జానెడు దూరంలో స్టాండు వెయ్యి. లేజర్ ముఖం ఆ గోడకి పెట్టి, గీత నిలిచాక గుర్తు పెట్టు. స్టాండు కదపకుండా ముఖాన్ని కుడి గోడ వైపు తిప్పి అక్కడా గుర్తు పెట్టు. ఇప్పుడు స్టాండుని కుడి గోడ దగ్గరికి, అదే జానెడు దూరానికి తీసుకుపో. ముఖం కుడి గోడకే ఉంచి, గీత సరిగ్గా నీ గుర్తు మీద పడేలా స్టాండు ఎత్తు సర్దు. తరవాత ఎడమ గోడ వైపు తిప్పు. అక్కడి పాత గుర్తుకీ ఇప్పుడు పడ్డ గీతకీ మధ్య ఎంతుందో కొలువు.

లెక్క ఇలా. డబ్బా మీద 10 మీటర్లకి 3 మి.మీ. అని ఉంటే, మీటరుకి 0.3. 5 మీటర్లకి 1.5, తిప్పాం కాబట్టి రెండింతలు, 3 మి.మీ. అంతలోపు వస్తే కంపెనీ మాట నిలబడ్డట్టే. 8 వచ్చిందనుకో, అందులో సగం, అంటే 5 మీటర్లకి 4 మి.మీ. తప్పుతోంది. పది మీటర్ల హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి 8 మి.మీ. తేడా. సీలింగు అంచున ఎల్‌ఈడీ పట్టీ వెలిగించిన రాత్రి ఇంటావిడ కంటికే ముందు పడుతుంది.

చుట్టూ తిరిగే గీతల యంత్రానికి ఒక ముఖం చూస్తే చాలదు. దాని పక్క ముఖాన్ని ముందుకి పెట్టి ఇదంతా మళ్లీ చెయ్యాలి, ఎందుకంటే ముందుకి బాగుండి పక్కకి వాలిపోయేవి ఉంటాయి. గీత లావు కూడా చూసుకో, దూరం పెరిగేకొద్దీ అది వెడల్పవుతుంది. ప్రతిసారీ గీత నడుముకే పెన్సిల్ పెట్టు, ఒకసారి పై అంచు ఒకసారి కింది అంచు పెడితే పరీక్షే తప్పవుతుంది.

నిలువు గీతకి పాత గుండే గురువు. సీలింగు నుంచి దారం వదిలి, గుండుని నీళ్ల బకెట్లో ముంచు, ఊగడం ఆగిపోతుంది. గీతని కింద దారం మీద పడేలా పెట్టి, పైన చూడు. రెండు నిలువు గీతల మధ్య మూల సరిగా ఉందా అంటే 3, 4, 5 లెక్క ఎలాగూ నీకు తెలుసు.

పరీక్షలో ఓడితే విప్పకు. ఇంట్లో స్క్రూలు తిప్పి సరిచేసే సరుకు కాదది, సర్వీసుకి పంపించు. ఈలోగా పని ఆగకూడదంటే, గది నట్టనడుమ పెట్టి ఒకే ముఖాన్ని ప్రతి గోడకీ తిప్పుతూ గుర్తులు పెట్టుకో. సమాన దూరంలో తప్పూ సమానమే కాబట్టి లేజర్‌కి ఒకే దూరంలో ఉన్న గుర్తులన్నీ ఒకే ఎత్తులో పడతాయి. తిప్పకుండా చుట్టూ గీతని నమ్మితే మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు. పక్క గదికి మట్టం మోయాలంటే నీళ్ల ట్యూబు ఉండనే ఉంది, బుడగ లేకుండా నింపు, రెండు మూతులూ తెరిచి ఉంచు.

అసలు అది చెడేది బండి మీద. లోలకానికి తాళం వెయ్యకుండా డిక్కీలో పడేసి మియాపూర్ గుంతల్లో తిప్పావంటే, లోపల అది గోడలకి కొట్టుకుంటూ వస్తుంది. ఆపినప్పుడల్లా తాళం వెయ్యి. ఎండలో మాడిన డిక్కీ నుంచి తీసిన వెంటనే గీత కొట్టకు, ఓ పావుగంట గది వేడికి అలవాటు పడనివ్వు. పక్కన డ్రిల్లింగ్ నడుస్తుంటే గీత వణుకుతుంది, ఆగు. కుర్రాళ్లని దాని కంట్లోకి చూడనివ్వకు.

అన్నట్టు, బాత్రూం నేల కూడా ఈ గీతతోనే కొట్టేసి పలక మట్టంగా వేసేవు! అక్కడ నహానీ ట్రాప్ వైపు వాటం ఉండాలి. గీత నుంచి కిందికి కొలిచి వాటం తీసుకో.

ఆదివారం పరీక్ష చేసి కొలతలు తేదీతో నోటు పుస్తకంలో రాసిపెట్టు, కిందపడినప్పుడల్లా మళ్లీ చేసి పక్కనే రాయి. నాకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పి ఊరుకోకు, ఎడమ గోడ మీద రెండో గీత పాత గుర్తుకి పైన పడిందా, కింద పడిందా అది కూడా చెప్పు. పైన పడితే గీత ఎత్తిపోతున్నట్టు, కింద పడితే దిగిపోతున్నట్టు. సర్వీసువాళ్లు మొదట అడిగేది అదే.

ఇట్లు,
మావయ్య